నానీ సుర్మేదానీ, అబ్బా పత్థర్, ఒక మషీన్

మా కాలేజీలో ఎక్స్‌రే డిఫ్రాక్టోమీటర్ కొనాలని ఫైలు కదిలిన వారంలోనే మా ఇంట్లో సుర్మా మీద గొడవ జరిగింది. ఒకటి నౌకరీ సంగతి, ఇంకోటి ఇంటి సంగతి. రెంటికీ రిష్తా ఉందని నాకప్పుడు తెలియదు.

ముందు ఇంటి సంగతి చెప్తాను. మా తమ్ముడి కూతురికి చిల్లా స్నానం చేయించిన రోజు. నలభై రోజుల పిల్ల. వినుకొండ ఎండకు ఇల్లు పెనంలా కాలుతోంది. చుట్టాలంతా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని ఉన్నారు. అమ్మీ పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, నానీ దగ్గర నుంచి తనకొచ్చిన పీతల్ సుర్మేదానీ మూత తిప్పింది. సలాయీని ముంచి పైకి తీసింది. దాని కొసన నల్లటి మెరుపు. నేను ఆగలేక, "నక్కో అమ్మీ" అన్నాను.

"క్యూఁ?" అంది.

"అందులో సీసం ఉండొచ్చు. పిల్లకు మంచిది కాదు."

"తేరే ఆంఖాఁ మే నానీ నై డాలే క్యా? క్యా హువా తెరేకు?" అంది అమ్మీ. నీ కళ్ళకూ నానీ పెట్టింది కదా, నీకేమైందని. ఖాలాలు నవ్వారు. అమ్మీ మాత్రం నవ్వలేదు. సుర్మా పెట్టుకోవడం సున్నత్ అని, నాలుగక్షరాలు చదివాక నీకు దీన్ మీద కూడా షక్ వచ్చిందా అని, సలాయీ తుడిచి సుర్మేదానీ మూసేసింది. ఆ రోజు పిల్లకు సుర్మా పెట్టలేదు. నాతో మాటా లేదు.

ఆ రాత్రి మిద్దె మీద పడుకుని ఆలోచించాను. నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. నా మాట నిజమయ్యే అవకాశం ఎక్కువే. కానీ నా దగ్గర గవాహీ ఏముంది? హదీసుల్లో వచ్చే ఇస్మిద్ అనే రాయికి అంటిమొనీ అని అర్థం చెప్తారు. అంటిమొనీ సల్ఫైడు నల్లగా మెరుస్తుంది. సీసం సల్ఫైడు, అంటే గెలీనా, అదీ నల్లగానే మెరుస్తుంది. దంచి పట్టుగుడ్డలో జల్లెడ పడితే ఏది ఏదో కంటితో చెప్పలేం. దునియాలో చాలాచోట్ల బజారు సుర్మాలను లాబ్‌లో చూసినప్పుడు అంటిమొనీ అరుదుగా, గెలీనా తరచుగా కనబడిందని చదివాను. అయితే మా అమ్మీ చేతిలో ఉన్న సుర్మేదానీలో ఏముందో ఏ జర్నల్‌లోనూ ఉండదు. షక్‌ను యకీన్ అని చెప్పడం కూడా ఒక రకం అబద్ధమే.

ఇక కాలేజీ సంగతి. మూడు కొటేషన్లు వచ్చాయి. కొనుగోలు కమిటీలో నన్నూ వేశారు. నిజం చెప్పాలంటే, కమిటీలో సగం మందికి ఆ మషీన్ ఏం చేస్తుందో తెలియదు. ఎక్స్‌రే అంటే విరిగిన ఎముకలు చూసేదనే అనుకున్నారు. వాళ్ళకు నేను చెప్పింది మీకూ చెప్తాను.

రాయిని పిండిలా నూరి ఒక పళ్ళెంలో నింపుతాం. దాని మీద ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న ఎక్స్‌రే కిరణాన్ని వేస్తాం. రాగి ట్యూబు అయితే అది 1.54 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. స్ఫటికం లోపల అణువుల వరసల మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి, కిరణాలు కొన్ని కోణాల్లో మాత్రమే ఒకదానికొకటి తోడై బలంగా బయటికొస్తాయి. ఏ కోణంలో ఎంత బలంగా వచ్చాయో గీత గీస్తే కొండల వరసలా పీకులు కనబడతాయి. ఆ కోణం నుంచి అణువుల వరసల ఎడం లెక్క కట్టే సూత్రం బ్రాగ్ తండ్రీకొడుకుల్లో కొడుకుది. 1915లో నోబెల్ వచ్చేటప్పటికి అతనికి పాతికేళ్ళు. ఒంటి స్ఫటికం అక్కర్లేదు, పిండి చాలు అని చూపింది 1916లో డిబై, షెరర్ అనే ఇద్దరు.

ఒక పదార్థంలో ఏ మూలకాలున్నాయో చెప్పే మషీన్లు వేరే ఉన్నాయి. ఇది చెప్పేది ఆ మూలకాలు ఏ రూపంలో కూర్చున్నాయో. సీసం ఉందని చెప్పడం ఒక జవాబు. ఆ సీసం సల్ఫైడుగా ఉందా, కార్బొనేటుగా ఉందా అని చెప్పడం ఇంకో జవాబు. 1999లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు లూవ్ర్ మ్యూజియంలోని పురాతన ఈజిప్టు కాటుక భరిణెల్లో మిగిలిన పొడిని ఇలాంటి పద్ధతితోనే చూసి, గెలీనాతో పాటు ఆ కాలం మనుషులు కావాలని తయారుచేసిన సీసపు లవణాలు కూడా ఉన్నాయని తేల్చారు. వేల ఏళ్ళ కిందటి సుర్మేదానీ సంగతి తేల్చగలిగిన ఇల్మ్ మా ఇంటి సుర్మేదానీకి పనికిరాదా?

కొటేషన్లలో ఒకటి పెద్ద మషీన్. బీరువా కంటే పెద్దది. రంగుల బ్రోచర్ చూసి అందరి కళ్ళూ దాని మీదే పడ్డాయి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళకు చూపిస్తే కాలేజీ ఇజ్జత్ పెరుగుతుందన్నారు ఒకరు. మిగతా రెండూ బల్ల మీద పెట్టుకునేవి. "ఇంత డబ్బు పెట్టి డబ్బా కొంటామా సార్?" అన్నారు ఇంకొకరు.

నాకూ మొదట పెద్దదే నచ్చింది. అబద్ధమెందుకు? మా పల్నాడులో పెళ్ళి సంబంధం చూసినా, ఎద్దును కొన్నా కొమ్ములే ముందు చూస్తాం. కానీ రాత్రిపూట కూర్చుని లెక్కలు వేసేటప్పటికి ఒక్కో సవాల్ పైకొచ్చింది. పెద్దదాన్ని మామూలుగా 40 కిలోవోల్టులు, 40 మిల్లీఆంపియర్ల మీద నడుపుతారు. అంటే ట్యూబులోకి 1,600 వాట్లు. అందులో నూటికి తొంభై తొమ్మిది వంతులు వేడిగానే పోతుంది. ఆ వేడిని తీయడానికి చిల్లర్ కావాలి. చిల్లర్‌కు శుభ్రమైన నీళ్ళు ఆగకుండా తిరగాలి. మా బోరు నీళ్ళ సంగతి వినుకొండ వాళ్ళకు చెప్పక్కర్లేదు, బిందె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఎండాకాలంలో కరెంటు పోతే చిల్లర్ ఆగుతుంది, చిల్లర్ ఆగితే మషీన్ ఆగుతుంది. బల్ల మీది మషీన్లలో ట్యూబులు 300 నుంచి 600 వాట్లు. వంటింటి మిక్సీ అంత. మామూలు ప్లగ్గు, ఒక మంచి యూపీఎస్, ఒక ఏసీ గది చాలు.

అలాగని చిన్నదే మంచిదని నేను చెప్పడం లేదు. సన్నటి పూతలు చూడాలన్నా, రాయిని వందల డిగ్రీలు వేడిచేస్తూ లోపలి మార్పు చూడాలన్నా పెద్దదే కావాలి. అసలు సవాల్ ఏది పెద్ద, ఏది చిన్న అన్నది కాదు. మేము దాన్ని ఏమడగబోతున్నాం? కమిటీలో ఎవరూ ఇది అడగలేదు. నేనూ అప్పటిదాకా అడగలేదు.

ఒక కాగితం తీసుకుని మా పిల్లలు, మా ఊరు ఆ మషీన్‌ను అడగగల సవాళ్ళు రాశాను.

మొదటిది సున్నం, సిమెంటు. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు మాకు దగ్గర. సిమెంటు క్లింకరులో ఏ ఖనిజం ఎంత ఉందో ఫ్యాక్టరీల్లో ఇదే పద్ధతితో చూస్తారు. మా పిల్లలు ఇది నేర్చుకుంటే నౌకరీకి పనికొస్తుంది.

రెండోది మిర్చి. కారంలో ఇటుక పొడి కలిపితే, ఇటుకలోని ఇసుక 26.6 డిగ్రీల దగ్గర పీకుగా లేస్తుంది. మిరపకాయలో అలాంటి స్ఫటికం ఉండదు.

మూడోది మా రాళ్ళు. ఇక్కడ అబ్బా సంగతి చెప్పాలి. మా ప్రాంతానికి దగ్గర్లోనే అగ్నిగుండాల గనులు. బండలమోటులో హిందుస్తాన్ జింక్ వాళ్ళు సీసం తవ్వేవాళ్ళు, నల్లకొండ వైపు రాగి ఉంది. ఇప్పుడు సీసం గని మూతపడింది. అబ్బా అక్కడ కొన్నాళ్ళు మెహనత్ చేశాడు. అప్పుడు తెచ్చిన రెండు రాళ్ళు మా అల్మారాలో ఖురాన్ షరీఫ్ కింది అరలో ఇప్పటికీ ఉన్నాయి. ఒకటి గెలీనా. చిన్న చిన్న నల్లటి ఘనాలు అతుక్కున్నట్టు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే దాని సైజుకు మించిన బరువు. నీళ్ళకు ఏడున్నర రెట్లు. అంటిమొనీ రాయి నాలుగున్నర రెట్లే. అల్ బిరూనీ వెయ్యేళ్ళ కిందటే రత్నాలనూ లోహాలనూ నీళ్ళలో ముంచి ఇలాగే తేడా పట్టాడు. రాయి ఉంటే ఆ పద్ధతి నాకూ సరిపోయేది. సుర్మేదానీలో ఉన్నది చిటికెడు పొడి. రెండో రాయి తెల్లటి సున్నపు రాయి మీద పసుపచ్చగా ఇత్తడిలా మెరిసే చారలు. అది చాల్కోపైరైట్. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం.

నాలుగో సవాల్ కాగితం మీద రాయలేదు. సుర్మా.

మషీన్ కొనేవాళ్ళకు నేను ఇప్పుడు చెప్పగల ముఖ్యమైన మాట ఇదే. బ్రోచర్‌లో కంపెనీవాళ్ళు చూపించే గీతలు వాళ్ళకు నచ్చిన పొడితో గీసినవి. మీ రాయిని మీరు ఇవ్వండి. అదే రాయి, అదే నూరుడు, మూడు పొట్లాలు చేసి ముగ్గురికీ ఇవ్వండి. ఏముందో ముందే చెప్పకండి.

నేను అలాగే చేశాను. అబ్బా రెండో రాయి అంచు కొంచెం కొట్టి, అకీక్ రోలులో నూరి ముగ్గురికీ పంపాను. పెద్ద మషీన్ వాళ్ళ జవాబు ముందు వచ్చింది. "కాల్సైట్" అని ఒకే మాట. అంటే సున్నపు రాయి. కంటికి పచ్చగా కనబడే రాగి ఖనిజం వాళ్ళ మషీన్‌కు కనబడలేదు!

ఆ గీతను ముందు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. సంగతి ఏమిటంటే, రాగి ట్యూబుతో చూస్తే కాల్సైట్ అన్నిటికంటే పెద్ద పీకు 29.4 డిగ్రీల దగ్గర వస్తుంది. చాల్కోపైరైట్ పెద్ద పీకూ సరిగ్గా అక్కడే. ఇద్దరు మనుషులు ఒకే కుర్చీలో కూర్చున్నట్టు. రెండోవాణ్ణి గుర్తుపట్టాలంటే 49 డిగ్రీల దగ్గర వాడి చిన్న పీకును వెతకాలి. ఆ చిన్న పీకు వీళ్ళ గీతలో మునిగిపోయింది. ఎందుకు? రాగి ట్యూబు కిరణం ఇనుము మీద పడితే ఇనుము దాన్ని మింగి, తన సొంత ఎక్స్‌రేను అన్ని వైపులా వెదజల్లుతుంది. గీత అడుగు భాగమంతా పొగమంచులా పైకి లేస్తుంది. చిన్న పీకులు ఆ మంచులో కలిసిపోతాయి. దీనికి రెండు దారులున్నాయి. కోబాల్ట్ ట్యూబు పెట్టుకోవడం ఒకటి, దాని కిరణానికి ఇనుమును కదిలించే శక్తి లేదు. లేదా, ఇనుము నుంచి వచ్చే కిరణాన్ని శక్తిని బట్టి గుర్తుపట్టి వదిలేసే డిటెక్టర్ పెట్టుకోవడం. ఆ పెద్ద మషీన్ కొటేషన్‌లో దామ్ తగ్గించడానికి పాత రకం డిటెక్టర్ పెట్టారు. ఒళ్ళు పెద్దదే, కళ్ళు మసక.

బల్ల మీది మషీన్లలో ఒకటి కొత్త రకం సిలికాన్ స్ట్రిప్ డిటెక్టర్‌తో వచ్చింది. ఒకేసారి చాలా కోణాలు చూస్తుంది, గంటల పని నిమిషాల్లో చేస్తుంది, ఇనుము మంచును చాలావరకు తగ్గిస్తుంది. వాళ్ళ గీతలో 49 దగ్గర చిన్నదైనా స్పష్టమైన పీకు నిలబడింది. ఆ పీకును చూసినప్పుడు అబ్బా గుర్తొచ్చాడు. ఆయన ఆ రాయిని కిటికీ వెలుతురులో తిప్పి, "ఇసకే అందర్ తాంబా హై" అనేవాడు. ఆయనకు కనబడింది చివరికి ఈ మషీన్‌కూ కనబడింది.

వాళ్ళ డెమోకు నేనే స్వయంగా వెళ్ళాను. జేబులో ఒక చిన్న పొట్లం ఉంది. అమ్మీ నమాజ్‌లో ఉన్నప్పుడు సుర్మేదానీ నుంచి సలాయీతో తీసిన చిటికెడు. దొంగతనమే. అల్లాహ్ మాఫ్ చేయాలి.

మామూలు పళ్ళెం నిండాలంటే అర చెంచా పైన పొడి కావాలి. నా దగ్గరున్నది వేలి కొసకు అంటేంత. గాజు పలక మీద వేస్తే గాజు గీతే ఎక్కువ కనబడుతుంది. అక్కడి కుర్రవాడు సిలికాన్ స్ఫటికాన్ని ఏటవాలుగా కోసి చేసిన పళ్ళెం తీశాడు. అది తన తరఫున ఏమీ మాట్లాడదు. దాని మీద చుక్క స్పిరిట్‌తో సుర్మాను పలచగా పరిచాడు. తలుపు మూస్తేనే కిరణం వస్తుంది, తెరిస్తే ఆగుతుంది. ఈ ఇంటర్‌లాక్ లేని మషీన్ వైపు పిల్లల్ని పోనివ్వకూడదు. మన దేశంలో ఇలాంటి పరికరాలకు ఏఈఆర్‌బీ నిబంధనలున్నాయి, వాటి కాగితాలు కొటేషన్‌తో పాటే అడగాలి.

పావుగంట ఖామోష్‌గా కూర్చున్నాను. తెర మీద గీత ఎడమ నుంచి కుడికి నడుస్తోంది. 26 డిగ్రీల దగ్గర ఒకటి లేచింది. 30 దగ్గర అన్నిటికంటే ఎత్తుగా ఇంకొకటి. తర్వాత 43, 51, 53. అంటిమొనీ సల్ఫైడు అయితే చిన్నాపెద్దా పీకులు గుంపుగా వచ్చేవి. ఇవి లెక్క పెట్టినట్టు కొన్నే, దూరదూరంగా, శుభ్రంగా ఉన్నాయి. డేటాబేస్ అక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది. గెలీనా. నానీ సుర్మేదానీలో ఉన్నదీ, అబ్బా అల్మారాలో పెట్టిందీ ఒకే పత్థర్.

నా మాటే నెగ్గిందని ఖుషీ కలగాలి కదా. కలగలేదు. ఎన్ని తరాల కళ్ళు, ఎంతమంది పసిపిల్లలు అనుకున్నాను. పిల్ల కళ్ళు నులుముకుంటుంది, ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంటుంది. కన్నీటి దారి ముక్కులోంచి గొంతులోకి పోతుంది. ఒంట్లో ఇంత సీసం ఉంటే ఫర్వాలేదు అనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సీసం ముందుగా తినేది పిల్లల బుద్ధినే. మా నానీ ముహబ్బత్‌తో పెట్టింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కమిటీలో మూడు గీతలూ పక్కపక్కన పెట్టాను, సుర్మా గీత తప్ప. పెద్దదాని మీద మనసు పడ్డ సార్‌ను ఒకటే అడిగాను, "సార్, రాయిలో రాగి ఉందని మీ కళ్ళకు కనబడుతోంది కదా, కనబడటం లేదనే మషీన్ మనకెందుకు?" ఆయన రాయిని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. ఇంకొకరు, అసలు కొనకుండా ఐ-స్టెమ్ పోర్టల్‌లో వేరే సంస్థల మషీన్ వాడుకోవచ్చు కదా అన్నారు. మంచి మాటే. ఏడాదికి పది శాంపిళ్ళుంటే నేనూ అదే చెప్తాను. మా పిల్లలు చేత్తో నూరి, తప్పు చేసి, మళ్ళీ నూరి నేర్చుకోవాలి కాబట్టి కొందామన్నాను.

ఫైసలా బల్ల మీది మషీన్‌కే అయింది. మిగిలిన రకంతో ఏం కొనాలో కూడా రాశాం. పొడిలో గింజ పది మైక్రాన్లకు తగ్గాలి కాబట్టి రెండు అకీక్ రోళ్ళు. గెలీనా లాంటివి ఘనాలుగా పగిలి ఒకే వైపు పడుకుని పీకుల ఎత్తు తప్పుగా చూపిస్తాయి కాబట్టి తిరిగే పళ్ళెం, వెనక నుంచి నింపే హోల్డర్లు. చిటికెడు పొడికి ఆ సిలికాన్ పళ్ళేలు రెండు. మషీన్ సరిగ్గా చూస్తోందో లేదో ప్రతి నెలా పరీక్షించడానికి ప్రామాణిక సిలికాన్ పొడి, దాని మొదటి పీకు 28.44 దగ్గర రావాలి. యూపీఎస్. వారంటీ అయ్యాక ఐదేళ్ళ మరమ్మతు కరార్, ఎందుకంటే ట్యూబు కొన్ని వేల గంటలకు అరిగిపోతుంది, కొత్తదాని దామ్ వింటే గుండె ఆగుతుంది. డేటాబేస్‌కు ఐసీడీడీ వాళ్ళది డబ్బు పెట్టి కొనాలి. పిల్లలు ఇంటి దగ్గర ప్రాక్టీసు చేయడానికి సీఓడీ మఫ్త్‌గా దొరుకుతుంది. మషీన్ దామ్‌లోనే బడ్జెట్ అంతా పోస్తే ఇవేవీ రావు. ఇవి లేని మషీన్ సలాయీ లేని సుర్మేదానీ.

ఇంక అమ్మీకి చెప్పాలి. గీతను కాగితం మీద అచ్చు వేయించి నెల రోజులు బ్యాగులో మోశాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ముందు మాఫీ అడిగాను, దొంగతనానికి. తర్వాత కాగితం పరిచాను. అబ్బా రాయిని పక్కన పెట్టాను. ఉప్పు గిన్నె తెచ్చి, "అమ్మీ, ఈ నమక్ లోపల అణువులు ఎలా పేర్చి ఉన్నాయో, ఈ రాయి లోపలా అదే నక్షా. వరసల ఎడం మాత్రం ఇరవయ్యో వంతు ఎక్కువ. అంత సన్నటి ఫరక్ ఈ మషీన్ చూస్తుంది. నీ సుర్మాలో చూసింది ఈ రాయినే" అన్నాను.

అమ్మీ అబ్బా రాయిని చేతిలోకి తీసుకుంది. "ఏ తో తుమ్హారే అబ్బా కా పత్థర్" అంది. చాలాసేపు ఇంకేమీ అనలేదు. తర్వాత అడిగింది, "తో సున్నత్?"

"ఇస్మిద్ అని అమ్మి, ఈ రాయి దంచి ఇచ్చినవాళ్ళను అడగాలి అమ్మీ, నిన్ను కాదు" అన్నాను. ఆలిమ్‌ను కాదు కాబట్టి అంతకుమించి చెప్పలేదు. అమ్మీ లేచి సుర్మేదానీని కడిగి, ఖాళీగా, మళ్ళీ అల్మారాలోనే పెట్టింది. నానీ గుర్తు కదా.

మషీన్ వచ్చే నెల వస్తుందంటున్నారు. ఇన్షా అల్లాహ్. మొన్న కాలేజీ నుంచి వచ్చేటప్పటికి నా బల్ల మీద మిఠాయి డబ్బా ఉంది. తెరిస్తే తొమ్మిది చిన్న పొట్లాలు. ఒక్కోదాని మీద అమ్మీ తన వంకర ఉర్దూలో పేర్లు రాసింది. మస్జిద్ గల్లీ ఖాలాది, దర్జీ వాళ్ళ కోడలిది, వచ్చే నెల కాన్పు ఉన్న పక్కింటి అమ్మాయిది.

"అందరి ఇళ్ళకూ నేనే తిరిగాను" అంది అమ్మీ వంటింట్లోంచి. "జల్దీ చూసి చెప్పు బేటా. ఆ పిల్లకు దిన్ దగ్గర పడ్డాయి."